జిరాక్స్ షాపు కాగితం, చిప్పు లెక్క

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య నేను వెళ్లే జిరాక్స్ షాపులో, కౌంటరు అద్దం కింద ఒక కాగితం ఉంటుంది. నిలువునా పేజీల సంఖ్య, అడ్డంగా సింగిల్ సైడ్, డబుల్ సైడ్. ఎంత రద్దీ ఉన్నా షాపాయన లెక్క వేయడు. గడి మీద వేలు పెట్టి రేటు చెప్పేస్తాడు.

మాదాపూర్‌లో చిప్పులు డిజైన్ చేసేవాళ్లకూ ఈ కాగితం కావాలి. చిప్పును తయారీకి పంపేముందు దాని గేట్లన్నిటినీ, అంటే 0, 1లు తీసుకుని జవాబిచ్చే చిన్న సర్క్యూట్లను, సాఫ్ట్‌వేర్‌లో నడిపి చూస్తారు. అదే సిమ్యులేషన్. ఒక్కో గేటు లెక్క చిన్నదే, కానీ కోట్ల సార్లు చేయాలి.

పైగా అక్కడ 0, 1 మాత్రమే ఉండవు. చిప్పు డిజైన్ రాసే వెరిలాగ్ భాషలో విలువలు నాలుగు: 0, 1, ఎక్స్, జెడ్. ఎక్స్ అంటే ఇంకా తేలనిది, జెడ్ అంటే దేనికీ తగలకుండా వదిలేసిన తీగ. అన్నివైపులా 1 వస్తేనే 1 ఇచ్చే యాండ్ గేటుకు ఒకవైపు 0 వస్తే రెండోవైపు ఏమున్నా ఫలితం 0. అదే 1, ఎక్స్ వస్తే ఫలితం ఎక్స్. దీన్ని ‘ఇదైతే అది’ అని వరసగా ప్రశ్నలుగా రాస్తే, ప్రతి ప్రశ్న దగ్గరా ప్రాసెసర్ జవాబును ముందే ఊహించి ముందుకెళ్తుంది. ఊహ తప్పితే చేసిన పని పారేసి వెనక్కి రావాలి.

పట్టిక ఉంటే ఈ బాధ లేదు. 0కి 00, 1కి 01, ఎక్స్‌కి 10, జెడ్‌కి 11 అని రెండేసి బిట్లు ఇద్దాం. 1, ఎక్స్ వచ్చాయనుకోండి. పక్కపక్కన పెడితే 0110, అంటే 6. ఆరో నంబరు గడిలో ‘ఎక్స్’ అని ముందే రాసి ఉంటుంది. మొత్తం 16 గడులు, సున్నా నుంచి పదిహేను దాకా. ఒకవైపు 1 వచ్చినా 1 ఇచ్చే ఆర్ గేటు కావాలంటే పట్టిక మారిస్తే చాలు, ప్రోగ్రాం అదే. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. వెరిలాగ్ లాంటిదే మరో భాష వీహెచ్‌డీఎల్ వాడే ఐఈఈఈ 1164 ప్రమాణంలో విలువలు తొమ్మిది. అందులో యాండ్‌ను 81 గడుల పట్టికగానే రాశారు.

అలాగని పట్టికను ఎంతైనా పెంచలేం. ఒక్కో ఇన్‌పుట్ పెరిగినప్పుడల్లా గడులు నాలుగింతలవుతాయి. గడికి ఒక బైటు చొప్పున, నాలుగు ఇన్‌పుట్ల గేటుకు 256 బైట్లు చాలు. ఎనిమిదికి 65,536, అంటే 64 కిలోబైట్లు. ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ, అంటే మొదటి క్యాష్, చాలా యంత్రాల్లో 32 లేదా 48 కిలోబైట్లే. షాపాయన కాగితం గోడంత పెరిగితే లేచి వెళ్లి వెతుక్కోవాలి కదా, అదే ఇక్కడా. అందుకే ఎనిమిది ఇన్‌పుట్ల యాండ్‌ను నాలుగేసి ఇన్‌పుట్ల రెండు ముక్కలు చేసి, ఆ రెండు ఫలితాలను 16 గడుల పట్టికలో కలపొచ్చు. మూడుసార్లు చూడాల్సి వస్తుంది, కానీ మూడూ కౌంటరు అద్దం కిందే ఉంటాయి.