క్యాంపర్ వ్యానులో సీసం దించి లిథియం ఎక్కించేటప్పుడు

టెంపో ట్రావెలర్‌నో పాత మినీ బస్సునో క్యాంపర్ వ్యానుగా మార్పించుకున్నవాళ్లు మంచం కింద మామూలుగా పెట్టించేది, ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే సీసం పలకలది. ఒకటి చాలదనుకుంటే రెండు. మొదటి ఏడాది బాగానే నడుస్తుంది. రెండో వేసవికి శ్రీశైలంలోనో నాగార్జునసాగర్ గట్టునో రాత్రి ఆగితే, తెల్లవారుజామున మూడింటికి ఇన్వర్టర్ కీచుమంటుంది, ఫ్రిజ్ ఆగిపోతుంది. బ్యాటరీ నాసిరకమని తిట్టుకుంటారు. అసలు ఆ బ్యాటరీ ఇలాంటి పనికి పుట్టలేదు.

150 ఏహెచ్ అంటే 12 వోల్టుల దగ్గర 1,800 వాట్-అవర్లు, మన కరెంటు బిల్లు భాషలో 1.8 యూనిట్లు. సీసం బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి నిజంగా చేతికొచ్చేది ముప్పావు యూనిట్ పైన, యూనిట్ లోపు. అదీ పది ఇరవై గంటలపాటు మెల్లగా వాడితేనే. ఇండక్షన్ పొయ్యి పెట్టి గబగబా లాగితే ఇంకా తగ్గుతుంది. ఎంత వేగంగా లాగితే అంత తక్కువ ఇస్తుందన్న సంగతిని జర్మన్ శాస్త్రవేత్త ప్యూకర్ట్ 1897లోనే సూత్రంగా రాశాడు.

అంతకన్నా పెద్ద చిక్కు ఛార్జింగ్‌లో ఉంది. సీసం బ్యాటరీ ఎనభై శాతం దాకా చురుగ్గానే ఎక్కుతుంది. అక్కణ్నుంచి లోపలి నిరోధం పెరిగి కరెంటును వెనక్కి నెడుతుంది, చివరి ఇరవై శాతానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఇంట్లో అయితే రాత్రంతా ప్లగ్గు ఉంటుంది కాబట్టి నిండుతుంది. వ్యాను నాలుగు గంటలు నడిచి ఆగిపోతుంది. ఇలా ఎప్పుడూ పూర్తిగా నిండకపోతే పలకల మీద ఏర్పడిన లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా కరగదు. పైగా ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది. మనుషులు పడుకునే మంచం కింద ఉండదగిన వస్తువు కాదది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అందరూ ఎల్ఎఫ్‌పీ అనేది, ఈ రెండు చోట్లా వేరుగా ఉంటుంది. ఈ పదార్థాన్ని బ్యాటరీ కాథోడ్‌గా, అంటే ప్లస్ వైపు పదార్థంగా, 1997లో ప్రకటించింది టెక్సస్‌లో గుడెనఫ్ బృందం. ఆ పత్రం మీద అక్షయ పాఢి, నంజుండస్వామి అనే మన పేర్లు కూడా ఉన్నాయి. గుడెనఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది. మన దగ్గర హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ ఈ పదార్థం మీద పరిశోధన చేస్తోంది. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది కాబట్టి, ఫోన్లలో వాడే కోబాల్ట్ రకంలా వేడెక్కినప్పుడు తేలిగ్గా మంటకు ఆక్సిజన్ అందించదు. ఒక్కో సెల్ 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. 100 ఏహెచ్ ప్యాక్ పది పన్నెండు కిలోలుంటుంది, 1,280 వాట్-అవర్లలో ఎనభై తొంభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎంత కావాలో ముందు కాగితం మీద చూసుకోవాలి. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ వేసవిలో సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకు 540 వాట్-అవర్లు. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పది గంటలకు 280. లైట్లు 75, ల్యాప్‌టాప్, ఫోన్లు 180, నీళ్ల పంపు 30. మొత్తం 1,100 చిల్లర. 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి అరగంట వాడితే ఇన్వర్టర్ నష్టంతో కలిపి ఇంకో 850. రెండూ కలిపితే 200 ఏహెచ్ ఎల్ఎఫ్‌పీ ఒక పగలు, ఒక రాత్రి దాటిస్తుంది. పొయ్యి గ్యాసు మీదే ఉంటే రెండు రోజులు. వంట కరెంటు మీద పెట్టాలా వద్దా అన్నది ముందే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఇకముందు చెప్పే కేబుళ్లు, ఫ్యూజుల సైజు ఆ పొయ్యే నిర్ణయిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పాత బ్యాటరీ విప్పి అదే వైర్లకు కొత్తది బిగిస్తారు. లిథియం గొప్పతనమంతా దాని లోపలి నిరోధం చాలా తక్కువ కావడంలో ఉంది. అడిగినంత ఇస్తుంది, ఇచ్చినంత తీసుకుంటుంది. సీసం బ్యాటరీ మొండికేయడం వల్ల ఇన్నాళ్లూ బతికిపోయిన తక్కిన భాగాలన్నీ ఇప్పుడు ఆ అండ పోగొట్టుకుంటాయి.

మొదట దెబ్బ తినేది ఆల్టర్నేటర్, మెకానిక్కులు డైనమో అనేది. ఇంజన్ నుంచి రిలే ద్వారా నేరుగా కలిపితే, ఖాళీ లిథియం ప్యాక్ దాని పూర్తి సామర్థ్యాన్ని గంటల తరబడి లాగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫర్వాలేదు, ఫ్యాను జోరుగా తిరుగుతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఐడ్లింగ్ మీద నిలబడితే ఫ్యాను నెమ్మది, వేడి ఎక్కువ, వైండింగ్ మాడుతుంది. ఇంకో ప్రమాదం: ప్యాక్ లోపలి కాపలా బోర్డు బీఎంఎస్ ఏ కారణంతోనో ఛార్జింగ్ మధ్యలో తెంపేస్తే, ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి దాని డయోడ్లను కాల్చేస్తుంది. మందు ఒకటే, రెండింటి మధ్య డీసీ-డీసీ ఛార్జర్. 30 ఆంపియర్లది పెడితే ఇంజన్ వైపు నుంచి 35-40 కన్నా ఎక్కువ లాగదు, బీఎస్-6 బండ్లలో ఆల్టర్నేటర్ వోల్టేజీ తగ్గించుకున్నా బ్యాటరీకి సరైన 14.4 వోల్టులు అందిస్తుంది. ఐదు గంటల శ్రీశైలం ప్రయాణంలో దాదాపు 150 ఏహెచ్ ఎక్కినట్టే. దాని ఇగ్నిషన్ వైరు తప్పక కలపాలి, లేకపోతే ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజన్ బ్యాటరీని పీల్చేస్తుంది. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ మాత్రం సీసందే ఉండనివ్వాలి.

తర్వాత ఫ్యూజు. నిరోధం ఒక మిల్లీ ఓమ్ ఉన్న ప్యాక్ షార్ట్ అయితే 13 వోల్టులకు 13,000 ఆంపియర్లు. మామూలు మెగా ఫ్యూజు 2,000 వరకే తెంపగలదు. అది దాటితే లోపల మెరుపు నిలిచిపోయి, తీగ కరిగినా కరెంటు పారుతూనే ఉంటుంది. క్లాస్-టి రకం 20,000 దాకా తెంపుతుంది. పాజిటివ్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే పెట్టాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు. బీఎంఎస్ ఉంది కదా అనుకోవద్దు, అందులో కరెంటును తెంపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు, మాస్‌ఫెట్‌లు, పాడైనప్పుడు తరచూ షార్ట్ అయ్యే పాడవుతాయి.

ఆ 1,500 వాట్ల పొయ్యికి బ్యాటరీ వైపు సుమారు 133 ఆంపియర్లు పారతాయి. బ్యాటరీకి ఇన్వర్టర్‌కి మధ్య రెండు మీటర్లుంటే రానూపోనూ నాలుగు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో 0.19 వోల్టు పోతుంది, సరే. 16 చదరపు మిల్లీమీటర్ల పాత కేబుల్‌లో అయితే అర వోల్టు దాటి పోయి, దాదాపు 78 వాట్లు వైరునే కాలుస్తాయి. రాణిగంజ్‌లో కేబుల్ కొనేటప్పుడు చివర కాస్త ఒలిచి బ్లేడుతో గీకి చూడాలి. రాగి పూత వేసిన అల్యూమినియం అయితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

లగ్గు, అంటే కేబుల్ చివర నొక్కి బోల్టుకు తగిలించే లోహపు కొస, దాని దగ్గర ఒక నిమిషం ఆగాలి. సుత్తితో కొట్టి అణిచిన లగ్గులో ఒకటిన్నర మిల్లీ ఓమ్ అదనపు నిరోధం ఉందనుకోండి. మీటరుకి కూడా అందనంత చిన్నది. 133 ఆంపియర్ల వర్గాన్ని దానితో గుణిస్తే 26 వాట్లు. రేడియో రిపేరు షాపులో టేబుల్ మీద ఉండే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే, దాని మొన సీసాన్ని కరిగిస్తుంది. అలాంటి మొనొకటి పరుపు కింద, ప్లైవుడ్‌కి ఆనుకుని, అన్నం ఉడికినంతసేపూ వేడెక్కుతుందన్నమాట. అందుకే హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించాలి. బిగించే వరుస కూడా ముఖ్యమే: టెర్మినల్ మీద నేరుగా లగ్గు, దాని పైన వాషర్, స్ప్రింగ్ వాషర్, బోల్టు. లగ్గు కింద స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ పడితే కరెంటంతా రాగికన్నా నలభై రెట్లు నిరోధమున్న లోహంలోంచి పారాలి. మొదటి ప్రయాణం అయ్యాక మళ్లీ ఒకసారి స్పానర్ వేయాలి, ఘాట్ రోడ్డు కుదుపులు నట్లను వదులు చేస్తాయి.

రెండు ప్యాకులు కలిపేటట్టయితే రెంటినీ విడివిడిగా పూర్తిగా నింపాకే కలపాలి. వోల్టేజీ సమానంగా ఉంది కదా అని కలిపితే చాలదు. ఎల్ఎఫ్‌పీ తొంభై శాతం నుంచి నలభై దాకా 13.3, 13.1 వోల్టుల మధ్యే ఉంటుంది, కాబట్టి ఒకటి నిండుగా, ఒకటి సగం ఉన్నా మీటరు పట్టదు. ఈ కారణంగానే పాత వోల్ట్‌మీటర్ తీసేసి షంట్ (కరెంటును కొలవడానికి దారిలో పెట్టే అతి చిన్న నిరోధం) ఉన్న మానిటర్ పెట్టాలి. అది వచ్చిపోయే కరెంటును లెక్కగడుతుంది. బ్యాటరీ నెగెటివ్‌కి షంట్ ఒక్కటే కలవాలి, సోలార్, ఇన్వర్టర్, ఛాసిస్ అన్నీ షంట్ అవతలి వైపు. ఒక్క సోలార్ వైరు బ్యాటరీ మీద మిగిలిపోయినా లెక్క తప్పి, నిండిన బ్యాటరీని ఖాళీ అని చూపిస్తుంది.

సోలార్ కంట్రోలర్, ఇంటి కరెంటుతో నడిచే ఛార్జర్ రెండింటిలోనూ సెట్టింగ్ మార్చాలి: ఛార్జింగ్ 14.2 నుంచి 14.4 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.5, సీసం బ్యాటరీల కోసం ఉన్న ఈక్వలైజ్ ఆపేయాలి. ఈక్వలైజ్ మోడ్‌లో వోల్టేజీ 15 దాటి బీఎంఎస్ తెంపేస్తుంది. పాత ఇన్వర్టర్‌లో ఈ మార్పు కుదరకపోతే దాని ఛార్జింగ్ భాగం వాడకూడదు.

మన ఊళ్లో అసలు శత్రువు ఎండ. మే నెలలో మూసి పెట్టిన వ్యాను లోపల యాభై డిగ్రీలు దాటుతుంది. చాలా ప్యాకులు 45-55 డిగ్రీల పైన ఛార్జింగ్ ఒప్పుకోవు. మధ్యాహ్నం సోలార్ ఆగిపోతే ప్యానెల్ పాడైందనుకుని విప్పకండి, ముందు బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూడండి. నేలకు దగ్గరగా, ఇంజన్ కవర్‌కి, సైలెన్సర్‌కి దూరంగా, చుట్టూ రెండు వేళ్ల సందు వదిలి బిగించాలి. లద్దాఖ్ వెళ్లేవాళ్లకు తిరుగు సమస్య ఉంటుంది. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి దూరలేక పైన లోహంగా పేరుకుంటుంది, ఆ నష్టం తిరిగి రాదు. అటు వెళ్లేవాళ్లు చలికి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ ఉందో లేదో కొనేముందే అడగాలి.

అంతా బిగించాక ఇన్వర్టర్ కేబుల్ నేరుగా తగిలిస్తే పెద్ద మెరుపొస్తుంది, బీఎంఎస్ షార్ట్ అనుకుని మూసుకుంటుంది. ఇన్వర్టర్ లోపలి ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండబోవడమే కారణం. ఇన్వర్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి, 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బును కేబుల్‌కి, టెర్మినల్‌కి మధ్య ఆనించండి. బల్బు భగ్గున వెలిగి, మెల్లగా ఎర్రబడి ఆరిపోతుంది. ఆరిందంటే కెపాసిటర్లు నిండినట్టు. వెంటనే బల్బు తీసి కేబుల్ బిగించేయవచ్చు. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ప్లస్ మైనస్ తారుమారైంది. ఆ కేబుల్ బిగించకుండా ఆపాలి.

వానాకాలంలో రెండు మూడు నెలలు బండి కదలకపోతే సగం ఛార్జ్‌లో ఉంచి మెయిన్ స్విచ్ ఆపేయాలి. సీసం బ్యాటరీని నిండుగా ఉంచే అలవాటు ఇక్కడ నప్పదు, నిండుగా వేడిలో ఉన్న లిథియమే త్వరగా ముసలిదవుతుంది. వాడుతున్న రోజుల్లో మాత్రం నెలకోసారైనా పూర్తిగా నింపాలి, సెల్స్ మధ్య తేడాలను బీఎంఎస్ సరిచేసేది ఆ చివరి అంచులోనే. దించిన పాత ట్యూబులర్లను కొత్త బ్యాటరీ కొన్న చోటో, బ్యాటరీ డీలర్ దగ్గరో ఇచ్చి రశీదు తీసుకోండి. 2022 నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. వీధి చివర పగలగొట్టి సీసం కరిగించేవాళ్ల చేతికి వెళ్తే ఆ ఆమ్లం మోరీలోకి, ఆ పొగ పక్కింటి పిల్లల ఊపిరిలోకి పోతుంది.