ముందు పప్పా, ముందు మామిడికాయా?

మామిడికాయ ముక్కలు కందిపప్పుతోపాటే గిన్నెలో పడేసి పొయ్యెక్కిస్తే పప్పు ఎంతసేపటికీ మెదగదు, పలుకు పలుకుగా అలాగే ఉండిపోద్ది. "పప్పు ఉడికాకే పులుపు వెయ్యమ్మా" అంటారు ఇంట్లో పెద్దోళ్ళు, ఎందుకూ అంటే మాత్రం "అదంతే" అనేస్తారు. ఆ "అదంతే" వెనకాల మంచి కెమిస్ట్రీ ఉంది.

పప్పులో కణాల్ని ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. నీళ్ళు మరుగుతుంటే ఆ పెక్టిన్ తెగి కరిగిపోద్ది, కణాలు విడిపోతాయి, దాన్నే మనం పప్పు మెత్తబడిందంటాం. పచ్చి మామిడికాయలో సిట్రిక్ యాసిడ్, మాలిక్ యాసిడ్ దండిగా ఉంటాయి కాబట్టి ఆ పులుపు నీళ్ళలోకి దిగిందంటే పెక్టిన్ తెగడం బాగా స్లో అయిపోద్ది. చింతపండు, టమాటా, గోంగూర, అన్నిటిదీ ఇదే వరస. చిటికెడు వంటసోడా వేస్తే దీనికి పూర్తిగా రివర్సు, పప్పు గబగబా మెత్తబడుద్ది, కాకపోతే రుచి సబ్బులాగ మారిపోద్ది, థయామిన్ అనే బి విటమిన్ కూడా కొంత పోద్ది, నాకైతే ఆ పని అస్సలు నచ్చదు. ఇంక బోరు నీళ్ళతో పప్పు ఉడకట్లేదు అనే కంప్లైంట్ ఉంది చూడండి, అది కూడా నిజమే, బోరు నీళ్ళు చాలాచోట్ల హార్డ్ వాటర్, అంటే వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి పెక్టిన్‌ని పట్టుకుని ఇంకా గట్టిపరుస్తాయి.

మేం కుక్కర్లో అన్నీ కలిపే పెడతాం, బానే ఉడుకుద్ది కదా అంటారేమో. ప్రెజర్‌కి కుక్కర్లో నీళ్ళ వేడి 100 దాటి 120 డిగ్రీల దాకా వెళ్తది, అంత వేడిలో పులుపు అంతగా అడ్డుపడలేదు. కానీ పప్పు ఉడికేలోపు మామిడి ముక్క గుజ్జైపోద్ది, ముక్క పంటికి తగలకపోతే అది మామిడికాయ పప్పేంటి అసలు. పప్పు విడిగా ఉడికించి, ముక్కలు తర్వాత వేసి పది నిమిషాలు మగ్గనివ్వడమే బెస్టు.

పనసపొట్టు కూరలో ఇంకో వరస. ఎండాకాలం వైజాగ్‌లో సీతమ్మధార రైతుబజారుకో ఎంవీపీ కాలనీ రైతుబజారుకో వెళ్ళి పనసకాయ తెచ్చుకుని ఆవ పెట్టి కూర చేస్తాం కదా, ఆ ఆవ ముద్ద స్టవ్ కట్టేశాక, కూర కాస్త చల్లారాకే కలపాలి. పొడి ఆవగింజలో ఘాటు ఉండదు. సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరేచోట విడివిడిగా ఉంటాయి, నూరి నీళ్ళు తగిలించినప్పుడే రెండూ కలిసి ముక్కులోకి కొట్టే ఆ ఘాటు పుట్టుద్ది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోద్ది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో ఎగిరిపోద్ది. తాలింపులో చిటపటలాడిన ఆవాలు అంత సాధువుగా ఉండేది అందుకే.

సింహాచలం అనాసపండు వచ్చే టైముకి దాంతో పెరుగు పచ్చడి చేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, పచ్చి ముక్కలు పెరుగులో వేసి సాయంత్రం దాకా ఉంచితే చేదెక్కుద్ది. అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని ముక్కలు చేసేస్తది, ఆ ముక్కల్లో కొన్ని చేదు. అనాస ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది కూడా కొంతవరకు దీనివల్లే. ముక్కల్ని ముందు మూకుడులో బాగా మగ్గించి, చల్లార్చి పెరుగులో కలిపితే ఏ గొడవా లేదు.

పెరట్లో, లేకపోతే బాల్కనీ కుండీలో శంఖుపూల తీగ ఉంటే పిల్లలకి చూపించడానికి బలే ఉంటది. నాలుగు నీలం పూలు వేడినీళ్ళలో వేసి మూత పెడితే నీళ్ళు ముదురు నీలం అవుతాయి, అది పూలలో ఉండే ఆంథోసయనిన్ అనే పదార్థం రంగు. పులుపు పెరిగేకొద్దీ ఆ అణువు రూపం మారి వేరే రంగు వెలుతురుని పీల్చుకుంటది, అందుకని నిమ్మరసం పిండగానే నీలం కాస్తా ఊదా అయిపోద్ది. ఇక్కడ కూడా నిమ్మరసం చివర్లోనే, నీళ్ళు చల్లారాకే, మరిగే నీళ్ళలో పిండితే నిమ్మ వాసన అంతా గాల్లోకే పోద్ది. ఎర్ర మందార రేకులతో కూడా షర్బత్ చేసుకోవచ్చు, దానిదీ ఆంథోసయనినే.

పురుగుమందు కొట్టిన పూలు మాత్రం వాడొద్దు. గన్నేరు, పచ్చగన్నేరు చూడ్డానికి ఎంత బాగున్నా వంటింట్లోకి రానివ్వకూడదు, రెండిట్లోనూ గుండె కొట్టుకోవడాన్ని దెబ్బతీసే విషాలున్నాయి, ఎంత ఉడికించినా సేఫ్ కాదు.