గేమ్ పూర్తి చేయకపోతే ఆడినట్టు కాదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గేమ్ డిజైన్ నా వృత్తి. ఆ సంగతి తెలియగానే చాలామంది గొంతు తగ్గించి ఒక మాట చెబుతారు: "ఫలానా గేమ్ సగంలో ఆపేశానండీ." సరదాకి మొదలుపెట్టినదానికి ఈ సంజాయిషీ ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: చివరిదాకా వెళ్లకపోతే ఆడినట్టే లెక్కలోకి రాదు.

అసలు అన్ని గేములకీ చివర అనేది ఉండదు. 1984లో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌లో బ్లాకులు పైకి చేరి ఓడిపోయేదాకా ఆడటమే పని. 1989లో వచ్చిన నింటెండో వెర్షన్‌ని ఒక 13 ఏళ్ల అబ్బాయి 2023 డిసెంబరులో ఎంత దూరం తీసుకెళ్లాడంటే, తట్టుకోలేక గేమే క్రాష్ అయింది. మనిషి చేతిలో అలా జరగడం అదే మొదటిసారి. మరి అంతకుముందు 34 ఏళ్లు ఆడినవాళ్లంతా ఏం చేసినట్టు?

కథ ఉన్న గేముల సంగతీ ఇంతే. గేములో ఫలానా పని చేస్తే దక్కే గుర్తింపుని అచీవ్‌మెంట్ అంటారు. ఏ అచీవ్‌మెంట్ ఎంత శాతం మందికి వచ్చిందో, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏదైనా పెద్ద గేమ్ తీసుకుని మొదటి చాప్టర్ అంకెనీ, ఆఖరి చాప్టర్ అంకెనీ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో దిగిపోయినవాళ్లే ఎక్కువమంది కనబడటం చాలా మామూలు. ఇది మాకు తెలియని రహస్యమేమీ కాదు. అందుకే మొదటి గంటల మీద మేం పెట్టే శ్రద్ధ ఆఖరి గంటల మీద ఉండదు. కొన్ని గేముల చివరి భాగం హడావిడిగా అనిపించడానికి ఇదీ ఒక కారణం.

అపోహ: గేములో పెట్టినవన్నీ ఏరమనే పెట్టారు.

నేను ఎక్కువసార్లు వాదించేది దీని మీదే. 2017లో వచ్చిన జెల్డా గేమ్ 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'లో ఆ లోకమంతా దాచిపెట్టిన కొరోక్ విత్తనాలు 900 ఉన్నాయి. ఆయుధాలు, విల్లులు, డాళ్లు పెట్టుకునే సంచులన్నిటినీ పూర్తిగా పెంచుకోవడానికి 441 చాలు. మొత్తం 900 తెచ్చి ఇచ్చినవాళ్లకి దక్కేది బంగారు రంగులో మెరిసే పేడముద్దలాంటి వస్తువు! అంతకన్నా సూటిగా ఎలా చెప్పాలి? ఎటు తిరిగినా ఏదో ఒకటి తగలాలంటే అన్ని చల్లాల్సిందే. ఒడ్డున నడిచేవాడి కంట్లో గవ్వలు పడాలి గానీ, ఒడ్డంతా ఊడ్చమని కాదు.

గెంతుతూ కొండ ఎక్కే గేమ్, 2018 నాటి 'సెలెస్ట్' ఇంకా నిజాయితీ గలది. స్ట్రాబెర్రీలు ఏరితే స్నేహితుల దగ్గర గొప్ప చెప్పుకోవచ్చు, అంతకుమించి పెద్దగా ఉపయోగం లేదని గేమే చెప్పేస్తుంది. అయినా ఒక స్ట్రాబెర్రీ కోసం అరగంట తంటాలు పడతాం. ఎందుకంటే ఆ గెంతు బాగుంటుంది. అదే గేమ్‌లో మిగిలినవి ఎన్ని అని లెక్కపెట్టడం మొదలైతే అది డ్యూటీ అయిపోతుంది.

అపోహ: ట్రోఫీలన్నీ వస్తేనే గేమ్ పూర్తయినట్టు.

ట్రోఫీలు, అంటే పైన చెప్పిన అచీవ్‌మెంట్ల లాంటివే, ప్లాట్‌ఫాంలు తెచ్చిన ఏర్పాటు. ఎక్స్‌బాక్స్ 360తో 2005లో, స్టీమ్‌లో 2007లో, ప్లేస్టేషన్ 3లో 2008లో వచ్చాయి. నింటెండో స్విచ్‌లో సిస్టమ్ తరఫున ఇప్పటికీ లేవు. 2013 నాటి 'ది స్టాన్లీ పారబుల్'లో అయితే ఐదేళ్లు గేమ్ ముట్టకపోతే ఇచ్చే అచీవ్‌మెంట్ ఒకటుంది!

అలాగని ట్రోఫీల వెంట పడేవాళ్లని తక్కువ చేయను. టెక్స్ట్ ఆధారిత ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లని రిచర్డ్ బార్టల్ 1996లో నాలుగు రకాలుగా విడదీశారు: సాధించేవాళ్లు, వెతికేవాళ్లు, కబుర్లకొచ్చేవాళ్లు, పక్కవాళ్లని ఏడిపించేవాళ్లు. జాబితా పూర్తి చేయడమే మొదటి రకం వాళ్లకి సరదా. చిక్కంతా మిగతావాళ్లు కూడా ఆ కొలబద్ద పట్టుకోవడంలో ఉంది. 1973లో ఒక ప్రయోగంలో, బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లలకి బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించారు. తర్వాత ఖాళీ సమయంలో వాళ్లు మిగతా పిల్లలకన్నా తక్కువ గీశారు. మీకూ అలా అవుతోందనిపిస్తే సెట్టింగ్స్‌లో ట్రోఫీ నోటిఫికేషన్లు ఆపేసి వారం ఆడి చూడండి.

అపోహ: ఈజీ మోడ్ అంటే మోసం.

చేసినవాళ్లే పెట్టిన మీటని మీరు తిప్పితే మోసమెలా అవుతుంది? 'హేడీస్' అనే పోరాట గేమ్‌లో గాడ్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే తగిలే దెబ్బ 20 శాతం తగ్గుతుంది. చచ్చిన ప్రతిసారీ ఆ తగ్గింపు ఇంకో 2 శాతం చొప్పున 80 దాకా పెరుగుతుంది. కథ మొత్తం అలాగే నడుస్తుంది.

అపోహ: డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి పూర్తి చేయాలి.

డబ్బు ఎలాగూ పోయింది. దానికి తోడు పాతిక గంటల విసుగు కూడా ఎందుకు?

అపోహ: ఆడుతూనే ఉన్నామంటే బాగా నచ్చినట్టే.

ఇక్కడ మాత్రం జాగ్రత్త. రోజువారీ బహుమతులు, ఒక్క రోజు మానితే తెగిపోయే స్ట్రీక్‌లు (వరసగా ఆడిన రోజుల లెక్క), గడువులోగా ఆడితేనే బహుమతులిచ్చే బ్యాటిల్ పాస్‌లు మిమ్మల్ని మళ్లీ రప్పించడానికి పెట్టినవి. మా పనిలో దాన్ని రిటెన్షన్ అంటారు. లాగిన్ అయి, బహుమతి తీసుకుని, ఆడకుండానే బయటికొస్తున్నారంటే ఆ గేమ్ మీద సరదా తీరిపోయినట్టే.

సగంలో ఆపిన గేమ్ మళ్లీ గుర్తొస్తే మాత్రం పాత సేవ్‌లో నేరుగా బాస్ (పెద్ద శత్రువు) ముందుకి వెళ్లకండి. బటన్లు మరిచిపోయి ఉంటారు. ఏదైనా తేలిక ప్రాంతంలో కాసేపు తిరగండి, లేదా కొత్తగా మొదలుపెట్టండి.