వరస కలవని ప్రేమలు: టీనేజ్ మిస్టరీ సీరియళ్లలో ఇంటి రహస్యం

నల్లగొండ రామగిరిలో మా అక్క ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంటర్ చదివే ఆమె బిడ్డ ఫోన్‌లో అమెరికన్ సీరియల్ ‘రివర్‌డేల్’ చూస్తూ, చాటలో బియ్యం ఏరుతున్న తల్లికి కథ చెబుతోంది. పాలీ కూపర్, జేసన్ బ్లాసమ్ ప్రేమించుకున్నారు, పాలీ కడుపులో కవలలున్నారు, జేసన్ హత్యకు గురయ్యాడు. అంతవరకు అక్క ఊకొడుతూ విన్నది. పాలీ ముత్తాత కూడా బ్లాసమే, సొంత అన్నదమ్ముడే ఆయనను చంపితే ఆ కుటుంబం పేరు మార్చుకుని కూపర్లయింది అనేసరికి ఆమె చెయ్యి ఆగింది. “ముత్తాతలు అన్నదమ్ములైతే ఆ పిల్ల, ఆ పిలగాడు అన్నాచెల్లెండ్లే గదనే! ఇంట్ల ఎవ్వరికీ ఎరుక లేదా?” తండ్రికి తెలుసు, చెప్పలేదు. సీరియల్ ఎన్నో ఎపిసోడ్ల పాటు దాచిన ముడిని అక్క చాట దించకుండానే విప్పేసింది.

ఈ రకం కథల్లో ప్రేమ, కుటుంబం, నేరం ఒకే ముడిగా మారడం వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1930లో అమెరికాలో మొదలైన నాన్సీ డ్రూ పుస్తకాల్లో ఇల్లు నిశ్చింతగా ఉండే చోటు; తల్లి లేదు, లాయరైన తండ్రి కార్సన్ డ్రూ కూతురికి అండ, స్నేహితుడు నెడ్ నికర్సన్ అవసరానికి వచ్చి పోయే మనిషి. మన దగ్గర కొమ్మూరి సాంబశివరావు నవలలు చదివినవారికీ డిటెక్టివ్ యుగంధర్ తెలివి కావాలి గాని, ఆయన ఇంటి సంగతులు ఎవరికి పట్టాయి?

ఆ నిశ్చింతను చెరిపేసింది 1990లో ఏబీసీ ఛానల్‌లో వచ్చిన ‘ట్విన్ పీక్స్’. హైస్కూలు అమ్మాయి లారా పామర్‌ను చంపింది ఎవరన్న ప్రశ్న చివరికి ఆమె కన్నతండ్రి దగ్గర ఆగింది. ఆ తరువాత, 2004లో మొదలైన ‘వెరోనికా మార్స్’ ఇంకో మెట్టు ఎక్కింది. డంకన్ కేన్ కారణం చెప్పకుండా వెరోనికాను వదిలేస్తాడు. తన తండ్రికీ ఆమె తల్లికీ పాత సంబంధం ఉందని, కాబట్టి ఆమె తనకు చెల్లెలు కావచ్చని అతనికి ఇంట్లోనే చెప్పారు. మొదటి సీజన్ ముగిసేటప్పుడు డీఎన్‌ఏ పరీక్షలో ఆమె తనను పెంచిన తండ్రి కీత్ మార్స్ కూతురేనని తేలుతుంది. ఈ రకం కథల్లో ఇంతకంటే పొందికగా అల్లిన ముడి నేను చూడలేదు. ప్రేమ ఎందుకు చెడింది, కన్నది ఎవరు, డంకన్ తోబుట్టువు లిల్లీని చంపింది ఎవరు అనే మూడు ప్రశ్నలు అందులో ఒకదాన్నొకటి లాగుతూ నడుస్తాయి.

2010 నుంచి 2017 దాకా నడిచిన ‘ప్రెటీ లిటిల్ లయర్స్’కు అంత పొందిక లేదు గాని రహస్యాలకు కొదవ లేదు. పక్కింటి జేసన్ డిలారెంటిస్, కథానాయికల్లో ఒకరైన స్పెన్సర్ తండ్రికి పుట్టినవాడని బయటపడుతుంది. ఇంకో కథానాయిక ఆరియా ప్రేమకథ టీచర్ ఎజ్రాతో పెళ్లి దాకా పోతుంది, ఆమె తండ్రి కూడా తన విద్యార్థినితో సంబంధం పెట్టుకున్నవాడే. 2012 పోక్సో చట్టం గురించి కాలేజీలో విన్న మా పిల్లకు మాత్రం అది ప్రేమకథలా కనిపించలేదు. “ఆ సారును పోలీసులకు పట్టియ్యాలె చిన్నమ్మా” అన్నది. నాకూ ఆ మాటే సబబనిపించింది.

2017లో వచ్చిన ‘రివర్‌డేల్’ ఈ పాత సరుకునంతా ఒక్క ఊరిలోకి తెచ్చింది. జేసన్ బ్లాసమ్‌ను చంపింది అతని తండ్రి క్లిఫర్డే. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో భారతదేశానికి వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో జియో మొదలై డేటా చవకైంది. అందువల్ల ‘రివర్‌డేల్’ లాంటివి అమెరికాలో ప్రసారమైన కొద్ది రోజుల్లోనే మన పిల్లల చేతుల్లోకి చేరాయి.

అయితే ఈ రహస్యాల్లో కొన్ని ‘కజిన్’ అనే మాట మీద నిలబడినవి. ఇంగ్లీషులో మేనత్త కొడుకూ కజినే, పెదనాన్న కొడుకూ కజినే. మనకు మొదటివాడు బావ, రెండోవాడు అన్న; ఒకరిని చేసుకోవచ్చు, ఇంకొకరి విషయంలో ఆ ఊహే తప్పు. పాలీ, జేసన్‌ల చుట్టరికాన్ని సీరియల్ ‘థర్డ్ కజిన్’ అని దూరం లెక్కన చెబుతుంది. అక్క లెక్కలో దూరం లేదు, వరసే ఉంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆమె వైపే నిలుస్తుంది: తండ్రి వైపు, మనిషిని మొదటి తరంగా లెక్కపెట్టి పైకి ఐదో తరం దాకా సపిండులే, అంటే దగ్గరి రక్తసంబంధీకులే, ఆచారం ఒప్పితే తప్ప పెళ్లి చెల్లదు. పాలీ నుంచి పైకి లెక్కిస్తే ముత్తాత నాలుగో తరం, ఆ అన్నదమ్ముల తండ్రి సరిగ్గా ఐదో తరం.

ఆ సాయంత్రం పిల్ల ‘ప్రెటీ లిటిల్ లయర్స్’ చిక్కునూ తల్లి ముందు పెట్టింది. ఒకప్పుడు జేసన్ డిలారెంటిస్ ప్రేమించిన సీసీ అతని తోబుట్టువేనని 2015లో సీరియల్ చెప్పింది. ఆ తరువాత దాన్ని సవరిస్తూ, ఆమెను కన్నది జేసన్ తల్లి కాదు, ఆ తల్లికి కవల సోదరి అయిన మేరీ అన్నది.

“అంటే కజినే అమ్మా, మరీ అంత తప్పు కాదు.”

“తల్లులు అక్కాచెల్లెండ్లు, అండ్ల కవలలు,” అంటూ అక్క ఏరిన బియ్యం డబ్బాలో పోసింది. “ఇంక ఏం మారిందే?”