పువ్వుది ఒక్కరోజు, లెక్క పిలకలది

తిరుపతిలో నర్సరీకి వెళ్లి లిల్లీ మొక్క కావాలంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం. నాకు మొదటిసారి వచ్చినవి పూలంగడిలో కాడల లెక్కన అమ్మే తెల్ల లిల్లీ దుంపలు. “లిల్లీ అంటే ఇదే గదక్కా” అన్నాడు ఆ అబ్బాయి. తప్పేం లేదు, మనవైపు నేలసంపెంగకే ఆ పేరు స్థిరపడిపోయింది. రెండోసారి వచ్చింది వాన పడగానే గులాబీ రంగులో లేచి నిలబడే రెయిన్ లిల్లీ. నేను అడిగిన డేలిల్లీ మూడోసారికి దొరికింది.

తమాషా ఏమిటంటే ఈ మూడింటిలో ఒక్కటీ అసలు లిల్లీ కాదు. నేలసంపెంగ మెక్సికో నుంచి వచ్చిన మొక్క, కిత్తనారకు చుట్టం. రెయిన్ లిల్లీది ఉల్లి, వెల్లుల్లి ఉన్న కుటుంబం. డేలిల్లీ మన పెరటి కలబంద కుటుంబంలోది. వీటన్నిటికన్నా అసలు లిల్లీకి దగ్గరి బంధువు వేరే ఉంది. వానాకాలంలో మన కొండల వైపు పొదల్లో ఎరుపు, పసుపు కలిసి మంటలా పూసే అగ్నిశిఖ. అడవినాభి అని కూడా అంటారు. ఆ మొక్కతో ఇంకా పని ఉంది.

డేలిల్లీ సొంత ఊరు చైనా, జపాన్, కొరియా ప్రాంతం. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి హెమెరోకాలిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఒక మాటకు రోజు అని, రెండో మాటకు అందం అని అర్థం. పొద్దున విచ్చుకున్న పువ్వు చీకటి పడేసరికి ముడుచుకుపోతుంది. మర్నాడు అదే కాడ మీద ఇంకో మొగ్గ.

విచ్చుకోవడం వెనక ఉన్నది చక్కెర, నీరు. మొగ్గ పెరిగేటప్పుడు రేకుల కణాల్లో ఫ్రక్టాన్ అనే పిండి లాంటి నిల్వ చేరుతుంది. అది పెద్ద అణువు కాబట్టి నీటిని పెద్దగా లాగదు. విచ్చుకునే గంటల్లో ఎంజైములు దాన్ని చిన్న చిన్న చక్కెరలుగా విరగ్గొడతాయి. ఒక్క అణువు ఉన్నచోట ఎన్నో అణువులు తయారవడంతో కణం నీటిని గబగబా పీల్చుకుంటుంది. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బినట్టు రేకులు ఉబ్బి, మొగ్గ తెరుచుకుంటుంది. సాయంత్రానికి లెక్క తిరగబడుతుంది. రేకుల్లోని ప్రొటీన్లు కరుగుతాయి, కణాల పొరలు కారడం మొదలవుతుంది, మిగిలిన చక్కెరలను మొక్క గొట్టాల ద్వారా వెనక్కి లాక్కుంటుంది. పువ్వు వాడిపోవడమంటే మొక్క దృష్టిలో అప్పు వసూలు చేసుకోవడమే.

కార్నేషన్ లాంటి పూలను ముసలివాటిని చేసేది ఎథిలీన్ వాయువు. తోతాపురి మామిడిని మగ్గబెట్టేదీ అదే. డేలిల్లీ దాన్ని ఖాతరు చేయదు. ఎథిలీన్‌ని అడ్డుకునే మందులు వేసినా సాయంత్రానికి వాడిపోతుంది. ఈ గడియారం లోపలే ఉంది, దాన్ని తొందరపెట్టేది అబ్సిసిక్ ఆమ్లం అనే మొక్క హార్మోను. అందుకే మూరల లెక్కన పూలు కొనే మన ఊళ్లో దీనికి అంగడిలో చోటు లేదు. మాల కట్టి, తడిబట్టలో చుట్టి రేపటికి దాచుకునే పువ్వు కాదిది. పెరట్లో చూసుకోవాల్సిందే.

పువ్వు ఒక్కరోజే అయినా ఒక కాడకు పదిహేను మొగ్గలుంటే, రోజుకొకటి విచ్చుకున్నా రెండు వారాలు గడుస్తుంది. ఆ తర్వాత? సాధారణ రకాలైతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. మళ్లీ పూసే రకాల సంగతి అర్థం కావాలంటే అరటిచెట్టును తలుచుకుంటే చాలు. గెల వేసిన బోదె మళ్లీ గెల వేయదు, పక్క పిలక అందుకుంటుంది. డేలిల్లీలోనూ విసనకర్రలా ఆకులు పరుచుకున్న ప్రతి పిలకకూ మధ్యలో ఒక పెరిగే మొన ఉంటుంది. అది పూల కాడగా మారితే దాని పని అక్కడితో సరి. పక్కన కొత్త మొన పుట్టి, కొన్ని ఆకులు వేసి, ఒక ఈడుకొచ్చాకే మళ్లీ కాడ తీస్తుంది. కొన్ని రకాల్లో ఆ ఈడు వారాల్లోనే వస్తుంది. అందుకని రెండో విడత పూల కోసం మనం మేపాల్సింది పువ్వును కాదు, మొదటి పూత అయిపోగానే పుట్టే పిలకను. నా అనుభవంలో చాలామంది సరిగ్గా అప్పుడే, పూలు అయిపోయాయి కదా అని కుండీని మూలకు నెడతారు. నేనూ రెండేళ్లు అదే చేశాను.

ఈ గుణం ఉన్నవాటిలో లోకం అంతా ఎరిగినది స్టెల్లా డి ఓరో. అమెరికాలోని ఇండియానాలో వాల్టర్ జబ్లాన్‌స్కీ పెంచిన రకం, 1975లో నమోదైంది. కాడ ఎత్తు 28 సెంటీమీటర్లు, పువ్వు అడ్డం 7 సెంటీమీటర్లు, పసుపు రంగు. 1985లో డేలిల్లీల పెద్ద బహుమతి స్టౌట్ పతకం దానికే దక్కింది. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో జీవితమంతా ఈ మొక్కల సంకరణానికి వెచ్చించిన ఆర్లో స్టౌట్ పేరున్న పతకం అది. స్టెల్లా సంతానంలో పుట్టిన హ్యాపీ రిటర్న్స్ లేత నిమ్మపండు రంగు, అదీ మళ్లీ మళ్లీ పూస్తుంది.

కానీ స్టెల్లా చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే జాతి. అది పుట్టిన చోట మంచు పడుతుంది, ఎండాకాలంలో పగలు 15 గంటలు సాగుతుంది. తిరుపతి 13న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏడాదిలో పొడవైన పగలు 13 గంటలు, పొట్టిది 11 గంటల పైచిలుకు. నిద్రపోవడానికి తగిన చలి లేదు. వేడి ప్రాంతాల్లో నిద్రపోయే రకాలు ఏడాదికేడాది చిక్కిపోతాయి. అందుకని పేరు చూసి మోజుపడొద్దు. ఏడాదంతా పచ్చగా ఉండే రకాన్నే అడగండి. మన నర్సరీల్లో కడియం నుంచో బెంగళూరు నుంచో వచ్చిన మొక్కలకు చీటీ ఉండదు. అప్పుడు నేను అడిగేది ఒకటే, ఈ మొక్క మీ దగ్గర ఎన్ని ఎండాకాలాలు చూసింది అని. రెండు చూసి బతికిందంటే అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు.

చీటీ మీద రాసుండే “వేసవిలో పూత, శీతాకాలంలో విశ్రాంతి” అన్న మాటను కూడా ఇక్కడ తిరగేసి చదువుకోవాలి. రోహిణి కార్తెలో మేడ మీది సిమెంటు కాలుతుంటే మొక్క ఆకుల కొనలు ఎండిపోయి, ఎదుగుదల ఆగిపోతుంది. జబ్బేమో అని టెన్షన్ పడి ఎరువు వేస్తే మరింత నష్టం. అది మన మొక్క పడుకునే కాలం. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపు పెట్టి, నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉంటే మట్టికుండీలోకి మార్చి, పైన వేరుశనగ పొట్టు రెండంగుళాలు కప్పితే చాలు. పొట్టు మనకు కొదవ లేదు, చెరుకు పిప్పి దొరికినా మంచిదే. ముదురు ఎరుపు, ఊదా రంగు పూల మీద ఆశ పెట్టుకోకండి. ముదురు రేకులు వేడిని ఎక్కువ పీల్చుకుని మధ్యాహ్నానికే జిగురులా కారిపోతాయి. పసుపు, లేత నారింజ నిలబడతాయి.

మట్టి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక. నీరు నిలవకూడదు, అంతే. ఆ “అంతే” విలువ నాకు 2021 నవంబరులో తెలిసింది. తిరుపతి వీధులు ఏరులైన ఆ వారం మేడ మీద మూడు కుండీల అడుగు రంధ్రాలు పూడిపోయి నీళ్లు నిలిచాయి. పిల్లిపీచర వేళ్లలా లావుగా, నీటి నిల్వతో ఉండే వేళ్లు కుళ్లి కంపుకొట్టాయి. నాటేటప్పుడు వేళ్లూ ఆకులూ కలిసే చోటు మట్టిలో ఒక అంగుళానికి మించి దిగకుండా చూడాలని అప్పట్నుంచి జాగ్రత్త పడుతున్నాను.

వాడిన పువ్వును తుంచాలా అంటే తుంచాలి. అలా వదిలేస్తే కాయ కట్టి, అది ముదరడానికి ఏడెనిమిది వారాలు పిలకకు పోవాల్సిన తిండి తినేస్తుంది. నేనైతే సాయంత్రం కాదు, మర్నాడు పొద్దున తుంచుతాను. రాత్రి చక్కెర వెనక్కి పోయేది ఉంటే పోనీ అని. పూత అయ్యాక వారానికోసారి పలచటి పేడనీళ్లు, తడి ఆరకుండా నీరు. రెండు మూడేళ్లకు గుబురు ఇరుకవుతుంది, అప్పుడు పూత తగ్గుతుంది. వాన మొదలై వేడి తగ్గాక తవ్వి, పిలకలు విడదీసి, ఆకుల్ని జానెడు ఎత్తుకు కత్తిరించి నాటుకోవాలి.

నర్సరీలో “టెట్రా” అని లావు రేకుల రకం కనిపిస్తే, దాని కథలో అగ్నిశిఖ ఉంది. మామూలు డేలిల్లీ కణంలో 22 క్రోమోజోములు. కణం చీలేటప్పుడు అవి విడిపోకుండా ఆపితే 44 మిగులుతాయి, మొక్క దిట్టంగా, రేకు మందంగా తయారవుతుంది. అలా ఆపే మందు కొల్చిసిన్. గౌట్ నొప్పులకు డాక్టర్లు రాసేదీ అదే. మన పొదల్లోని అగ్నిశిఖ గింజల్లో, దుంపల్లో ఉండేదీ అదే. దుంప నోట్లో పెడితే ప్రాణం పోతుంది, కాబట్టి ఇంట్లో ప్రయోగాలొద్దు.

చీడల్లో తామర పురుగులు, పేనుబంక మామూలే, వేపనూనె సరిపోతుంది. ఆకు వెనక నారింజ పొడి రాలితే తుప్పు తెగులు, ఆ ఆకులు కోసి పారేయండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం ఈ మొక్క పెట్టకండి. ఆకు కొరికినా దాని కిడ్నీలు పాడవుతాయి.

మొన్నటి వానల తర్వాత విడదీసిన పిలకల్లో రెండు మదనపల్లెలో ఉన్న మా చెల్లెలికి ఇచ్చాను. అక్కడ చలి ఎక్కువ. డిసెంబరులో ఫోన్ చేసి, పది దాటినా మొగ్గ సగమే తెరుచుకుందని కంగారుపడింది. చల్లటి రాత్రి తర్వాత డేలిల్లీ ఆలస్యంగానే లేస్తుందని చెప్పాను. “అయితే సాయంత్రం ఆలస్యంగా వాడుతుందా?” అని అడిగింది. చూసి చెప్పమన్నాను.