ఖాతాలో 13 వేలు పడితే ప్రైవేటు బడి ఉచితమైపోదు (అపోహలు - వాస్తవాలు)

ఏటా నవంబరు దాటాక మా బడి గేటు దగ్గర ఒకరిద్దరు తల్లులు కనిపిస్తారు. లోపలికి రారు. పిల్లాణ్ణి పక్కన నిలబెట్టుకొని, నేను బయటికి వచ్చేదాకా వేపచెట్టు కింద నిలబడతారు. వీళ్ళంతా జూన్‌లో మా దగ్గర టీసీ తీసుకుని ప్రైవేటుకి వెళ్ళినవాళ్ళే. "మళ్ళీ చేర్చుకుంటారా మేడమ్?" అని అడగడానికి వాళ్ళు పడే సిగ్గు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మాది గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఉన్న మున్సిపల్ ప్రాథమిక పాఠశాల. నాకు 26 ఏళ్ళ సర్వీసు, అందులో తొమ్మిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా. ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే చర్చ: ప్రభుత్వం బడులు నడపడం మానేసి ఆ డబ్బు తల్లిదండ్రుల చేతికిస్తే, ఇష్టమొచ్చిన చోట చదివించుకుంటారు కదా అని. దీనికే ఓచర్ విధానమని పేరు. పార్టీలవాళ్ళు, టీవీలవాళ్ళు వాదించుకోనివ్వండి. ఆ వాదన కిందికి దిగి మా పేటకి వచ్చేసరికి వదంతిగా మారుతోంది. దాన్ని నమ్మి నష్టపోయినవాళ్ళు నా గేటు దగ్గర నిలబడుతున్నారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: తల్లికి వందనం డబ్బు (పిల్లల చదువుకని ప్రభుత్వం ఏటా తల్లి ఖాతాలో వేసేది) వస్తోంది కాబట్టి ప్రైవేటు ఫీజు దాంతో సరిపోతుంది.

సరిపోదు. అందరికంటే ఎక్కువగా పేదవాళ్ళ కొంప ముంచుతున్నది ఈ ఒక్క నమ్మకమే. కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

పోయినసారి వచ్చిన ఒక తల్లి సంగతి చెప్తా. ఆవిడ యార్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఫీజు కార్డు తెచ్చింది కానీ, తెరిచి చూపించలేదు. వేళ్ళు మంటగా ఉన్నాయని కార్డుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని "మీరే తిప్పండి మేడమ్" అంది. ఇద్దరం కూర్చుని చిత్తు కాగితం మీద లెక్క వేశాం. ఫీజు మూడు టర్ములకి కలిపి 24,000. పుస్తకాలు, నోటుబుక్కులు 5,500. యూనిఫాం, బూట్లు, టై 3,200. ఆటోకి నెలకి 900 చొప్పున పది నెలలకి 9,000. మొత్తం 41,700. ఆవిడ ఖాతాలో పడింది 13,000. పథకం 15,000 అంటారు గానీ, అందులో 2,000 బడుల నిర్వహణకని మినహాయిస్తారు. అంటే ఇంకా 28,700 చేతి నుంచి పెట్టుకోవాలి. కొడుకుని చేర్పించేటప్పుడు ఈ కూడిక ఎవరూ ఆవిడకి చెప్పలేదు. "డబ్బు గవర్నమెంటే ఇస్తోందిగా, ఇంకేంటమ్మా భయం?" అన్నారట.

ఇంకో చిక్కుంది. ఆ డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, బడి ఫీజేమో టర్ముల వారీగా కట్టమంటుంది. 2025లో తల్లికి వందనం జూన్ 12న మొదలైంది. జూన్‌లో పడిన డబ్బు జూన్‌లోనే, మొదటి టర్ముకీ పుస్తకాలకీ అయిపోయింది. రెండో టర్ము నవంబరులో. అప్పటికి కొత్త కాయ యార్డుకి రాదు. పని దొరికేది సంక్రాంతి దాటాకే. చేతిలో పైసా లేని నెలలోనే ఫీజు గడువు వచ్చి పడుతుంది. అప్పుడు వడ్డీకి తెస్తారు, లేదంటే పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెడతారు.

ఆవిడ రెండోది చేసింది. పిల్లాడు నవంబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా బడి ముఖం చూడలేదు. చెల్లెల్ని ఎత్తుకుని తిప్పాడు, అమ్మకి యార్డుకి అన్నం క్యారేజీ మోశాడు. నాలుగో తరగతి పిల్లాడు! "అప్పుడే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే, "బాకీ కడితేనే టీసీ ఇస్తామన్నారు, టీసీ లేకపోతే ఏ బడిలోనూ చేర్చుకోరంట కదా" అంది.

ఇదీ అసలు నష్టం. ఫీజు డబ్బు పోతే ఎలాగోలా సంపాదించుకుంటారు. ఆ రెండున్నర నెలల చదువు ఎవరు తెచ్చిస్తారు? జూన్‌లో భాగహారాలు చేసిన పిల్లాడు ఫిబ్రవరిలో ఎక్కాలు తడుముకున్నాడు. ముందు బెంచీలో కూర్చోమంటే ఏడ్చాడు.

కాబట్టి అందరికీ వినపడేలా చెబుతున్నాను. విద్యా హక్కు చట్టం, 2009, సెక్షన్ 5 చదవండి. పిల్ల ప్రభుత్వ బడికి మారాలనుకుంటే పాత బడి హెడ్‌మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి పిల్లని ఆపకూడదు, తిప్పి పంపకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. సెక్షన్ 14 ప్రకారం వయసు రుజువు లేదని కూడా చేర్చుకోవడం మానకూడదు. సెక్షన్ 4 ప్రకారం మధ్యలో చదువు ఆగిపోయిన పిల్లని వయసుకి తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. వెనకబడింది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ పొందే హక్కు ఆ పిల్లకుంది.

ఆన్‌లైన్‌లో పేరు పాత బడి లాగిన్‌లోనే ఉండిపోతుంది, వాళ్ళు డ్రాప్ బాక్సులో (బడి మారే పిల్లల పేర్లు వదిలే ఆన్‌లైన్ జాబితాలో) వెయ్యరు, నిజమే. దాని గురించి మీరు టెన్షన్ పడొద్దు. అది హెడ్‌మాస్టరూ ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసూ చూసుకోవాల్సిన పని. నేను ఆ పిల్లాడి కోసం రెండుసార్లు తిరిగాను, మూడో వారంలో పేరు మా బడికి వచ్చింది. ఈలోగా వాడు తరగతిలోనే ఉన్నాడు, మధ్యాహ్నం మా దగ్గరే అన్నం తిన్నాడు.

ఫీజు కట్టలేని పరిస్థితి వచ్చిందని తెలిసిన మర్నాడే రండి. నెలలు ఆగకండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రైవేటులో చదివించాలని ఆశపడటం తప్పు కాదు. పిల్లల మీద ప్రేమతో చేసిన పని అది.

అపోహ: అమెరికాలో ప్రభుత్వ బడులు తీసేసి అందరికీ ఓచర్లు ఇచ్చేశారు, మనమే వెనకబడ్డాం.

గుంటూరులో ప్రతి వీధికీ డల్లాస్‌లో ఒక బంధువు ఉంటాడు. మా పిన్ని కొడుకూ అక్కడే. మొన్న బ్రాడీపేటలో పెళ్ళికి వచ్చి, "మా టెక్సాస్‌లో పిల్లకి పదివేల డాలర్లు ఇస్తున్నారక్కా, ఎక్కడైనా చదివించుకోవచ్చు" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. వాడు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. ఆ చట్టం మీద టెక్సాస్ గవర్నర్ సంతకం పెట్టింది 2025 మే 3న. 2026-27 నుంచి అమలు. కేటాయించింది 100 కోట్ల డాలర్లు. పిల్లకి పదివేల చొప్పున పంచితే లక్ష మందికి వస్తుంది. అక్కడ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలు సుమారు 55 లక్షల మంది! మిగతా 54 లక్షల మందికీ ప్రభుత్వ బడే దిక్కు. పైగా ఓచర్ పట్టుకెళ్ళిన ప్రతి పిల్లనీ చేర్చుకోవాలన్న నిబంధన ప్రైవేటు బడుల మీద లేదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త 1955లోనే రాశాడు. చిలీ 1981లో, స్వీడన్ 1992లో దాన్ని అమలులోకి తెచ్చాయి. అమెరికాలో ఇప్పటికీ ఒక రాష్ట్రం ఔనంటే ఇంకోటి కాదంటోంది. 2024 నవంబరులో కెంటకీ ప్రజలు ఓటేసి మరీ వద్దన్నారు. తేలిపోయిన విషయమని ఎవరైనా చెబితే నమ్మకండి.

అపోహ: నలుగురు పిల్లలు వెళ్ళిపోతే ప్రభుత్వ బడికి వచ్చే నష్టం ఏముంది? ఖర్చు తగ్గుతుంది కదా.

ఖర్చు తగ్గదు, టీచరు తగ్గుతుంది. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. 64 మంది ఉన్న బడి నుంచి ఐదుగురు వెళ్ళారనుకోండి, ఐదు తరగతులకు ఇద్దరే మిగులుతారు. బడికి తాళం వెయ్యలేం, కరెంటు ఆపలేం, వంట మానలేం. మిగిలిన 59 మందికి మాత్రం ఒక టీచరు పోతుంది. రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యని బట్టి టీచర్లని వేరే బడులకి సర్దడం) అన్న మాట వింటేనే మా వాళ్ళ గుండెల్లో రాయి పడేది ఇందుకే. జూన్‌లో మేం ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలిచేది మా ఉద్యోగాల కోసమని అనేవాళ్ళున్నారు. మా ఉద్యోగాలు ఎక్కడికీ పోవు, ఇంకో బడికి వేస్తారు. పాత బడిలో ఉండిపోయిన పిల్లలకే ఇబ్బంది.

అపోహ: డబ్బు చేతికిచ్చి ప్రైవేటులో చేరిస్తే పిల్లలకి చదువు వచ్చేస్తుంది.

ఇది ఊహ మీద మాట్లాడుకోనక్కర్లేదు, మన దగ్గరే పరీక్షించి చూశారు. 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో నాలుగేళ్ళు సాగిన అధ్యయనం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో దాని ఫలితాలు ప్రచురించారు. దరఖాస్తు చేసినవాళ్ళలో లాటరీ తీసి కొందరికి ప్రైవేటు బడి ఓచర్లు ఇచ్చారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అందులోనే. ప్రయాణ ఖర్చు మాత్రం ఇవ్వలేదు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఓచరు వచ్చిన పిల్లలకీ రాని పిల్లలకీ తేడా లేదు. ఇంగ్లీషులోనూ సైన్సు, సోషల్‌లోనూ గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు కాబట్టి.

ఇక్కడితో ఆపేస్తే నేను సగం నిజం చెప్పినదాన్నవుతాను. అదే అధ్యయనంలో ఆ ప్రైవేటు బడులు పిల్లకి పెట్టిన ఖర్చు, ప్రభుత్వ బడుల ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువని తేలింది. తెలుగు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం తెచ్చాయి. ప్రభుత్వ బడుల్లో మిగిలిపోయిన పిల్లల చదువు దెబ్బతిన్నట్టూ కనపడలేదు. నేను పైన చెప్పిన టీచర్ల లెక్క చూస్తే దెబ్బతింటుందనే నా భయం. అయినా ఆ గ్రామాల్లో కొలిచి చూసినవాళ్ళకి అది కనిపించలేదు. మా ఉపాధ్యాయ మిత్రులు ఈ అధ్యయనంలో తమకి నచ్చిన ముక్కే చెప్పి ఊరుకుంటున్నారు. అది సరికాదు. ఇంత జీతాలు తీసుకుంటూ మనం ఎందుకు ముందుండలేదన్న ప్రశ్నకి మనమే జవాబు చెప్పుకోవాలి.

ఇక విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు బడులు పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల మీద వదంతులు, గబగబా.

ఏ తరగతిలోనైనా చేరొచ్చట! కాదు, మన రాష్ట్రంలో ఒకటో తరగతిలోనే. ఎస్సీ, ఎస్టీలకేనట! కాదు. ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలకీ దివ్యాంగులకీ హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలకీ 5, మిగతా కులాల్లోని బలహీన వర్గాలకి 6 శాతం. అన్ని ప్రైవేటు బడుల్లోనూ ఉంటాయట! మైనారిటీ విద్యాసంస్థలకి సుప్రీంకోర్టు తీర్పులతో మినహాయింపు ఉంది. ఐదు వేలిస్తే సీటు ఇప్పిస్తామని తిరిగేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ, అంతే. ఇక ప్రభుత్వం ఆ సీటుకి కట్టే ధర సంగతి. 2023 ఉత్తర్వుల్లో పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100గా పెట్టారు. చాలదని యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. మన దగ్గర ఓచర్‌కి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. దాని గొడవంతా ఆ అంకె ఎవరు నిర్ణయించాలన్న దగ్గరే ఉంది. ఓచర్లు కావాలనే నాయకుణ్ణి ఎవరినైనా నేను మొదట అడిగేది అదే: ఎంత ఇస్తారు, మిగతాది ఎవరు కడతారు?

ప్రభుత్వం చదువు మీద తెగ ఖర్చు పెట్టేస్తోందన్న మాట కూడా వింటుంటాం. జాతీయాదాయంలో 6 శాతం పెట్టమని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే 6 శాతం చెప్పింది. ఇంకా అక్కడికి చేరుకోలేదు.

అపోహ: ఏడాది మధ్యలో ప్రభుత్వ బడిలో చేర్చుకోరు.

చేర్చుకుంటాం. మొన్న సోమవారం ప్రార్థన అయ్యాక ఆ మిరపకాయల పని చేసే తల్లే మళ్ళీ వచ్చింది. ఈసారి వేపచెట్టు కింద ఆగలేదు, పక్కింటావిణ్ణి చెయ్యి పట్టుకుని నేరుగా నా గదిలోకి తీసుకొచ్చింది. "వీళ్ళకీ టీసీ ఇవ్వనన్నారు మేడమ్, మీరు రాసుకుంటారని నేనే చెప్పా" అంది. పాపకి ఏడేళ్ళు. రెండో తరగతి హాజరుపట్టీలో 31 పక్కన పేరు రాసి, కంచం ఇచ్చి పంపాను.