పదో తరగతి లెక్కల పరీక్ష: మన ఊళ్లలో తిరిగే అపోహలు, అసలు సంగతులు

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచారంటే చాలు, టెన్త్ పిల్లల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలు. "మాస్టారూ, మా గుంటడికి లెక్కలు అస్సలు ఎక్కట్లేదండి, ఏటి సెయ్యమంటారు" అని ఒకరు, "ఏ చాప్టర్లు చదివితే గట్టెక్కేస్తాడో ఓ కాయితం మీద రాసిచ్చేయండి బాబూ" అని ఇంకొకరు. నేను శ్రీకాకుళం జిల్లాలో గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, టెన్త్ క్లాసులు ఎక్కువ నాకే పడతాయి. ప్రతి ఏడాదీ అవే అనుమానాలు, పిల్లల పేర్లు మారతాయంతే. అందుకని ఒకచోట రాసేస్తున్నా.

ముందు పేపర్ సంగతి చూసేద్దాం, ఎందుకంటే సగం అపోహలు పేపర్ ఎలా ఉంటుందో తెలియక పుట్టినవే. మొత్తం 100 మార్కులు, 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. చాయిస్ ఉండేది ఒక్క ఎనిమిది మార్కుల వాటికే, అదీ ప్రతి ప్రశ్న లోపల "ఇది లేదా అది" అని. పాస్‌కి 35 రావాలి.

అపోహ: ముఖ్యమైన చాప్టర్లు నాలుగు పట్టుకుంటే పాస్ గ్యారంటీ

ఇది మా దగ్గర గట్టిగా నాటుకుపోయింది. కొత్త ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో 14 చాప్టర్లున్నాయి. చిన్న ప్రశ్నలు వాటన్నిట్లోంచీ ఏరి ఇస్తారు, వాటికి చాయిస్ లేదు, అంటే వదిలేసిన ప్రతి చాప్టర్ దగ్గరా ఒకటో రెండో మార్కులు అక్కడే పోతాయి. ఇప్పుడు లెక్క వేయండి. ఒక మార్కువీ రెండు మార్కులవీ కలిపితే 28. దానికి ఒక్క ఎనిమిది మార్కుల ప్రశ్న, గ్రాఫ్ అనుకోండి, కలిస్తే 36. వెనకబడ్డ పిల్లాడు అన్నీ రైటు చేసేస్తాడని నేననట్లేదు, నాలుగు మార్కుల వాటిలో కూడా కొన్ని రాయాలి, కానీ వాడు మొదట తిరగాల్సిన దారి పుస్తకమంతటా ఉన్న చిన్న లెక్కల వైపు. మనవాళ్లు మాత్రం అదే పిల్లాడి చేత పెద్ద పెద్ద థీరంలు బట్టీ పట్టించి, వర్గసమీకరణానికి విచక్షణి (డిస్క్రిమినెంట్) ఎంత, శ్రేఢిలో పదో పదం ఎంత, పాచిక వేస్తే సరిసంఖ్య పడే సంభావ్యత ఎంత లాంటివి "అవి చిన్నవే కదా" అని వదిలేస్తారు. చిన్నవే, అందుకే ముందు అవి రావాలి.

వాట్సాప్‌లో పరీక్షకి రెండ్రోజుల ముందు తిరిగే "ఇవే వస్తాయి" కాయితాల గురించి ఒక్క మాట కూడా దండగ.

అపోహ: బోర్డు మీద చెప్తుంటే, యూట్యూబ్‌లో చూస్తుంటే అర్థమైపోతోంది, అంటే వచ్చేసినట్టే

నన్నడిగితే అన్నిట్లోకీ ఎక్కువ మార్కులు తినేసేది ఇదే. క్లాసులో నేను లెక్క చేస్తుంటే అందరూ తలూపుతారు, "అర్థమైందిరా?" అంటే "అయింది సార్" అని కోరస్. అదే లెక్క బోర్డు తుడిచేసి, పుస్తకం మూయించి, తెల్లకాయితం ఇచ్చి చేయమంటే రెండో లైన్లో పెన్ను ఆగిపోతుంది. కళింగపట్నం ఒడ్డున కూర్చుని వేటకెళ్లేవాళ్లని రోజూ చూసినంత మాత్రాన మనకి తెప్ప నడపడం వచ్చేస్తుందా? వీడియో చూడొద్దని కాదు, చూసి ఆపి, ఫోన్ పక్కన పడేసి, అదే లెక్క చూడకుండా మొదటి నుంచి చివరిదాకా రాయాలి. ఆగిపోతే ఎక్కడ ఆగిపోయారో అక్కడ గీత పెట్టుకోవాలి, మర్నాడు మాస్టారిని అడగాల్సింది ఆ గీత గురించే. "సార్ ఈ చాప్టరంతా రాదు" అని వచ్చే పిల్లాడికి ఏం చెప్పాలో మాకూ తోచదు, "సార్ ఈ లైన్లోంచి ఈ లైన్ ఎలా వచ్చింది" అన్నవాడికి రెండు నిమిషాల్లో అయిపోతుంది.

సాల్వ్ చేసిన ఉదాహరణలు కూడా అంతే. గైడ్ తెరిచి పెట్టుకుని దాన్ని నోట్సులోకి ఎత్తిరాయడం ప్రాక్టీస్ కాదు, అది దస్తూరీ.

అపోహ: ఆన్సర్ తప్పయితే సున్నా, ఆన్సర్ రైటయితే ఫుల్

రెండూ తప్పే. స్పాట్ వాల్యుయేషన్‌లో, అంటే పేపర్లు దిద్దేచోట, మార్కులు స్టెప్పులకి వేస్తాం. ఉదాహరణకి అందరికీ తెలిసిన రైలు లెక్క: 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లే రైలు గంటకి 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్లుంటే ఒక గంట ముందే చేరేది, దాని వేగం ఎంత? మొదట "రైలు వేగం గంటకి ఎక్స్ కి.మీ. అనుకుందాం" అని రాయాలి. తర్వాత 360 బై ఎక్స్ మైనస్ 360 బై ఎక్స్ ప్లస్ 5 ఈక్వల్ టు 1. దాన్ని సర్దితే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ మైనస్ 1800 ఈక్వల్ టు సున్నా. కారణాంకాలు ఎక్స్ ప్లస్ 45, ఎక్స్ మైనస్ 40. అంటే మైనస్ 45 లేదా 40. వేగం రుణాత్మకం కాదు కాబట్టి 40.

ఇందులో చివర్న కారణాంకాల దగ్గర తడబడ్డా సమీకరణం దాకా సరిగ్గా తెచ్చినవాడికి మార్కులుంటాయి. అదే ఎక్కడో చూసి గుర్తుపెట్టుకుని "జవాబు 40" అని ఒక్క ముక్క రాసినవాడికి దాదాపు ఏమీ రావు. పిల్లలు ఎక్కువ మంది వదిలేసేది ఏ స్టెప్పో తెలుసా, "అనుకుందాం" అనే మొదటి లైనూ, "వేగం రుణాత్మకం కాదు" అనే చివరి లైనూ. రెండూ మాటలే, లెక్క కూడా కాదు, అయినా రాయరు! జవాబు రాశాక సరిచూసుకోడానికి పది సెకన్లు చాలు: 40 తో 360 వెళ్తే 9 గంటలు, 45 తో వెళ్తే 8 గంటలు, తేడా ఒకటి, సరిపోయింది.

తప్పని తెలిసినా అడ్డంగా ఒక గీత గీసి వదిలేయండి, వైట్‌నర్ పూసి నల్లగా దిద్ది చదవడానికి లేకుండా చేయకండి.

అపోహ: సాంఖ్యక శాస్త్రం అంటే ఫార్ములా వస్తే చాలు

ఫార్ములా అందరికీ వస్తుంది, అందులో ఏది పెట్టాలో రాదు. మధ్యగతం (మీడియన్) చూడండి. తరగతులు 0-10, 10-20, 20-30, 30-40, 40-50, పౌనఃపున్యాలు, అంటే ఒక్కో తరగతిలో ఎన్ని పడ్డాయో, వరసగా 8, 12, 15, 10, 5 అనుకుందాం. మొత్తం 50, సగం 25. సంచిత పౌనఃపున్యాలు, అంటే పైనుంచి కూడుకుంటూ వస్తే, 8, 20, 35, 45, 50. 25 పడేది 20-30 తరగతిలో. ఫార్ములాలో పెట్టాల్సిన సంచిత పౌనఃపున్యం దానికి ముందు తరగతిది, అంటే 20. అప్పుడు 25లోంచి 20 పోతే 5, దాన్ని 15తో భాగించి 10తో గుణిస్తే 3.33, దానికి 20 కలిపితే 23.33. మన పిల్లల్లో చాలామంది కంగారులో అదే వరసలో కనిపించిన 35 వేసేస్తారు, అప్పుడు 13.33 వస్తుంది. వచ్చింది వచ్చినట్టు గీత గీసేసి తర్వాత ప్రశ్నకి వెళ్లిపోతారు. ఒక్కసారి ఆగి చూస్తే, మధ్యగతం 20-30 తరగతిలో ఉందని పైనే రాసి కింద 13.33 అంటే అది ఆ తరగతిలోనే లేదు కదా! ఈ ఒక్క చూపు అలవాటు చేస్తే చాలు, తప్పు ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్లే పట్టేసుకుంటారు. బాహుళకానికి (మోడ్) కూడా ఇదే పరీక్ష పనిచేస్తుంది.

అపోహ: జ్యామితి సిద్ధాంతాలు బట్టీ పట్టడమే దారి

బట్టీ పట్టినవాడు త్రిభుజం ఏబీసీ అయితే రాస్తాడు, ప్రశ్నలో పీక్యూఆర్ అని ఇస్తే పటంలో పీక్యూఆర్ పెట్టి కింద నిరూపణలో మళ్లీ ఏబీసీ అని రాసుకుపోతాడు. దిద్దేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ప్రాథమిక అనుపాత సిద్ధాంతమే తీసుకోండి, త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో కోస్తుందనేది; అందులో ఉన్న కిటుకు ఒక్కటే, రెండు త్రిభుజాలకి ఎత్తు ఒకటే అయితే వైశాల్యాల నిష్పత్తి భూముల నిష్పత్తే. అది పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వస్తుంది. ఇంట్లో పిల్లలకి నేను చెప్పే పని: ఒకరోజు ఏబీసీతో, ఒకరోజు పీక్యూఆర్‌తో, ఒకరోజు త్రిభుజం తలకిందులుగా గీసి రాయమనడం. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి, ఈ నాలుగు మాటలూ వేరువేరుగా పెట్టి రాస్తే నిరూపణ సగంలో ఆగినా పైవాటికి మార్కులొస్తాయి.

పటం లేకుండా త్రికోణమితి అనువర్తనాలు మొదలెట్టేవాళ్లు కూడా ఈ గుంపే. నేను క్లాసులో విజయనగరం గంటస్తంభం పెట్టి చెప్తా, అందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసుంటారు. దానికి 12 మీటర్ల దూరంలో నిలబడి పైకొసని 60 డిగ్రీల ఊర్ధ్వకోణంలో (అడ్డగీత నుంచి పైకి) చూస్తున్నావనుకో, ఎత్తు 12 రూట్ 3. ఇది చేసేస్తారు. ఇప్పుడు చోటు మార్చి, స్తంభం పైనుంచి కింద ఆగున్న ఆటోని 30 డిగ్రీల నిమ్నకోణంలో చూస్తున్నావు అంటే, ఆ 30ని స్తంభానికీ చూపు గీతకీ మధ్యలో పెట్టేస్తారు. నిమ్నకోణం ఎప్పుడూ కంటి దగ్గర అడ్డంగా గీసిన గీత నుంచి కిందకి. ఆ అడ్డగీత గీయడం బద్ధకం, అక్కడే మొత్తం లెక్క తలకిందులు.

అపోహ: గ్రాఫ్ ఈజీ, ఆఖర్న వేసుకోవచ్చు

ఈజీయే, అందుకే ఆఖర్న పది నిమిషాల్లో గీకేసి పోగొట్టుకుంటారు. స్కేలు రాయరు, పట్టిక రాయరు, సరళరేఖకి రెండే బిందువులు పెడతారు, మూడోది పెడితే తప్పు ఉంటే అక్కడే బయటపడేది. పరావలయాన్ని (వర్గసమీకరణానికి వచ్చే వంపు గీతని) స్కేలుతో ముక్కలు ముక్కలుగా కలిపేవాళ్లు కూడా ఉన్నారు, అది చేత్తో నున్నగా గీయాలి. ఖండన బిందువు దగ్గర విలువ రాసి, కింద జవాబు ఇంకోసారి రాయండి. గ్రాఫ్ కాయితాన్ని ఆన్సర్ బుక్‌కి దారంతో కట్టారో లేదో చూసుకుని ఇవ్వండి.

అపోహ: మనది వెనకబడ్డ జిల్లా, విశాఖలో పెద్ద స్కూల్లో వేస్తేనే లెక్కలొస్తాయి

ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2022 ఏప్రిల్‌లో పాత విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోంచి ఏజెన్సీ ఊళ్లతో కలిపి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు కదా, 2024 టెన్త్ ఫలితాల్లో 96.37 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానం దానిదే. ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ బడుల్లో చదివే గిరిజన పిల్లలు ఎక్కువున్న జిల్లా అది. పాస్ శాతం ఒక్కటే చదువు కాదనుకోండి, కానీ "మనవాళ్ల వల్ల కాదు" అనే మాటకి మాత్రం అది చాలు. అమ్మా నాన్నా హైదరాబాదో చెన్నయ్యో పనికెళ్లి, మామ్మ దగ్గరుండి చదువుకునే పిల్లలు మా బళ్లలో ఉన్నారు, వాళ్లకి కావాల్సింది హాస్టల్ ఫీజు కాదు, సాయంత్రం గంటసేపు కదలకుండా కూర్చోబెట్టే ఓ పెద్దమనిషి. పక్కింటి డిగ్రీ చదివే అన్నయ్య అయినా సరే, లెక్కలు రాకపోయినా సరే, "రాసింది చూపించు" అని అడిగితే చాలు.

ఆడపిల్లలకి లెక్కలు రావు అనేది కూడా వింటుంటా. మా స్కూల్ మార్కుల రిజిస్టర్ అయితే దాన్ని ఒప్పుకోదు, అంతకుమించి దాని మీద రాయను.

ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇంకో భయం ఉంటుంది, పదాల లెక్క ఇంగ్లీషులో ఇస్తే అర్థం కాదని. పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఇచ్చింది దానికే. ముందు తెలుగు పేజీ చదివి ఏం అడుగుతున్నాడో సొంత మాటల్లో చెప్పమనండి, తర్వాత ఇంగ్లీషు పేజీలో అదే వాక్యం ఎక్కడుందో వెతకమనండి. నెల తిరిగేసరికి ఆ భయం చాలావరకు పోతుంది.

అపోహ: ముందురోజు రాత్రంతా కూర్చుంటే లాగేయొచ్చు

సోషల్‌కి ఏమో గానీ లెక్కలకి కుదరదు. నిద్ర లేని బుర్రకి 7 ఎనిమిదులు కూడా తప్పుతాయి, క్యాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు. ముందురోజు కొత్త లెక్క ముట్టుకోకుండా పుస్తకం చూడకుండా ఫార్ములాలు ఓసారి రాసుకుని, పాత పేపరొకటి టైము పెట్టుకుని రాసి, పెందలాడే పడుకోవడమే. పరీక్ష తొమ్మిదిన్నరకి మొదలై పన్నెండు ముప్పావుకి అయిపోతుంది, అందులో మొదటి 15 నిమిషాలు పేపర్ చదవడానికి. ఆ టైములో కిటికీలోంచి బయటికి చూడకుండా ఎనిమిది మార్కుల వాటిలో "ఇదా అదా" తేల్చేసుకుంటే తర్వాత చాలా టైము మిగులుతుంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో రావద్దు, ఇంత చద్దన్నమో రెండు ఇడ్లీలో తినే రండి.

ఆఖరిది. ఫెయిలైతే ఏడాది పోయినట్టే అంటారు చూడండి, అదీ తప్పే. ఫలితాలొచ్చిన కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పెడతారు, పోయిన సబ్జెక్టు అందులో రాసి పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరొచ్చు. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ కూడా ఉన్నాయి, వాటికి గడువు చాలా తక్కువ, ఫలితాలు వచ్చిన రోజే హెడ్మాస్టర్‌ని కలిసి ఫీజు ఎప్పటిలోగా కట్టాలో కనుక్కోండి. సప్లిమెంటరీ ఫీజు గడువు కూడా అప్పుడే అడిగేయండి, వేసవి సెలవులు కదా అని అమ్మమ్మ ఊరెళ్లి కూర్చుంటే ఆ తేదీ దాటిపోతుంది.